తొలిచేప మొక్కు

కొబ్బరికాయ ఎప్పుడు కొట్టాలన్న దగ్గర వచ్చింది పేచీ.

గోపాల్ అప్పటికే మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి, చేతిలో సన్నటి గాలం కర్రతో నిలబడి ఉన్నాడు. ఒడ్డున మడతకుర్చీలో వాళ్ళమ్మ ధనమ్మ కూర్చుని ఉంది. నేత చీర మీద కొడుకు పాత స్వెటరు, కాళ్ళకు కోడలి స్పోర్ట్స్ షూస్. ఒళ్ళో ఇండియన్ స్టోర్ సంచి. అందులో కొబ్బరికాయ, పసుపు పొట్లం, కుంకుమ పొట్లం ఉన్నాయి. అగరొత్తులు కూడా తెచ్చింది గానీ అగ్గిపెట్టెను కోడలు రజిని కారులోనే దాచేసింది. ఆగస్టు నెల. అడవి ఎండి గలగలమంటోంది. నిప్పు వెలిగించవద్దని దారి పొడుగునా బోర్డులే.

“గంగమ్మకు కాయ కొట్టకుండ చేపను అడుగుతవారా? అది మర్యాదనా?” అంది ధనమ్మ.

“అమ్మా, ఆ చప్పుడుకు చేపలన్నీ పారిపోతయి. ముందు పట్టనియ్యి. తర్వాత నీ ఇష్టం.”

“పనైనంక ఇచ్చేదాన్ని కూలి అంటరు. ముందుగాల ఇస్తేనే మర్యాద.”

రజిని చెట్టు నీడలో దుప్పటి పరిచి పులిహోర డబ్బా సర్దుతోంది. ఆమెది గుంటూరు. గోపాల్‌తో కలిసి ఎమ్మెస్ చేసింది. ఈ ఇంటి మాటకు అలవాటు పడింది గానీ తన మాట మార్చుకోలేదు. “అత్తయ్యని కొట్టనీ. నువ్వు నిశ్శబ్దంగా ఉన్నప్పుడు మాత్రం ఎన్ని పడ్డాయి గనక?” అంది తలెత్తకుండానే.

గోపాల్ దారం చుట్టుకున్నాడు. ఈ వేసవి మొదలైనప్పటి నుంచి శనివారం వస్తే చాలు, తాముండే బాతెల్‌లో తెల్లవారక ముందే కారు తీసి, కనుమ దాటి, కొండలకు అవతలి పక్కనున్న ఈ వాగుకు వస్తున్నాడు. ఒక్క చేప కూడా పడలేదు. ఇవాళ్టితో ఆఖరు. వచ్చే గురువారం ధనమ్మ తిరుగు విమానం. మోకాళ్ళు అరిగిపోయాయి, ఇక ఈ దేశం రానని ఆమె ముందే చెప్పేసింది. ఇవాళ చేప పడకపోతే ఆమె మొక్కు ఇక తీరేది కాదు.

ఆ మొక్కు గోపాల్ వయసంత పాతది. మక్తల్ అవతల కృష్ణ ఒడ్డున బెస్తల ఇల్లు వాళ్ళది. గోపాల్ పుట్టినప్పుడు ఏడవలేదు. మంత్రసాని తలకిందులు చేసి చరిచింది, చన్నీళ్ళు చల్లింది. బిడ్డ నీలంగా మారిపోతున్నాడు. “తల్లీ గంగమ్మా, ఈడు బతికితే ఈని చేత్తోని పట్టిన తొలిచేపను నీకే ఇడుస్త” అని మొక్కుకుంది ధనమ్మ. బిడ్డ కేరుమన్నాడు. వాళ్ళ ఇళ్ళలో అది కొత్త సంగతేమీ కాదు. మగపిల్లవాడు తన చేత్తో పట్టిన మొదటి చేపకు తల్లి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, ప్రాణంతో మళ్ళీ నదికి వదులుతుంది. ఆ తర్వాతే వాడు ఆ నీళ్ళ మనిషి అయినట్టు.

గోపాల్ విషయంలో అది జరగలేదు. తండ్రి నర్సింలు జరగనివ్వలేదు. కొడుకు చదువుకోవాలన్నది ఆయన పంతం. నది మీద పుట్టి ఎక్కనివ్వలేదు, వల ముట్టనివ్వలేదు. పొద్దుగూకి ఇంటికి రాగానే ఆయన మొదట చేసే పని, కొడుకు రెండు అరచేతులూ పట్టుకుని వాసన చూడడం. చేప వాసన తగిలిందంటే వీపు మీద దెబ్బ పడేది. సిరా వాసన తగిలితే ఏమీ అనేవాడు కాదు గానీ, ఆ చేతుల్ని వెంటనే వదిలేవాడు కాదు.

గోపాల్ మాట వినే పిల్లవాడు. ఆ ఇంట్లో డిగ్రీ పట్టా చూసిన మొదటివాడు, విమానం ఎక్కిన మొదటివాడు. నర్సింలు పోయి ఏళ్ళు గడిచినా, ఆయన వద్దన్నది వద్దన్నట్టే ఉండిపోయింది. స్టోర్‌లో చేపల వరస దగ్గరికి కూడా రజినినే పంపేవాడు.

పోయిన చలికాలం ఫ్రీవే మీద మంచుకు కారు జారి, గింగిరాలు తిరిగి, రెయిలింగ్‌కు కొట్టుకుంది. కారు తుక్కయిపోయింది. గోపాల్‌కు గీత కూడా పడలేదు. ఫోన్‌లో ధనమ్మ ఆ సంగతి వింది. వేసవికి వచ్చిన మర్నాడే కొడుకును ఎదురుగా కూర్చోబెట్టుకుని మొక్కు సంగతి చెప్పింది.

“గంగమ్మ మర్వలేదురా. యాది చేస్తున్నది. నేను పొయ్యేలోపల నా మాట నిలబెట్టు.”

“బతికున్న చేపని కొని వదిలేద్దాం అత్తయ్యా. ఏషియన్ స్టోర్‌లో తొట్టెల నిండా ఈదుతుంటాయి” అంది రజిని.

“ఆమె నీళ్ళు, ఆమె చేప. నడుమ దుకాణపోడు ఎవడే?”

గోపాల్‌కు మొక్కుల మీద పెద్ద నమ్మకం లేదు. కానీ ఇన్నేళ్ళు తన పేరున ఒక భయాన్ని మోసిన మనిషి, దాన్ని అలాగే మూటగట్టుకుని తిరిగి విమానం ఎక్కడాన్ని అతను ఊహించుకోలేకపోయాడు. చేపలు పట్టే లైసెన్సు తీసుకున్నాడు. వారాంతపు క్లాసులో చేరాడు. పరీక్షకు చదివినట్టే చదివాడు. సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఇంటి వెనక గడ్డిలో నిలబడి గాలం విసరడం ప్రాక్టీస్ చేశాడు. “లాన్‌లో ఏమైనా పడ్డాయా?” అని రజిని కిటికీలోంచి అడిగేది.

ఈ వాగుకు కొన్ని కట్టుబాట్లున్నాయి. ఇక్కడ ఎర్రలు గుచ్చకూడదు. ఎదురుముల్లు లేని గాలానికి పురుగు బొమ్మ కట్టి పట్టాలి. పట్టినదాన్ని వదిలెయ్యాలి. ఆ చివరి మాట విన్న రోజు ధనమ్మ బుగ్గన వేలేసుకుంది. “అందరు పట్టి ఇడుస్తరా? గింతమందికి మొక్కులున్నయా ఈ దేశంల?”

పసుపు కుంకుమల దగ్గర మాత్రం తల్లీ కొడుకులకు కుదరలేదు. ఈ వాగులో ఉండే ట్రౌట్ చేప ఒంటి మీద సన్నటి జిగురు పొర ఉంటుంది, అది పోతే దానికి జబ్బు చేస్తుంది, పొడి చేత్తో ముట్టకూడదు, పొడులు రాయకూడదు, వీలైనంత వరకు నీళ్ళలోనే ఉంచాలి అని గోపాల్ క్లాసులో నేర్చుకున్నాడు. ధనమ్మ నవ్వింది. “పసుపుకు జబ్బు చేస్తదా? లోకమంత జబ్బు చేస్తే పసుపు పెడతరు, నీ క్లాసుల ఉల్టా చెప్పిండ్రు.” గోపాల్ ఇంకోసారి విడమరిచి చెప్పాడు. ఆమె ముఖం ముడుచుకుంది. “బొట్టు పెట్టకుండ ఇడిస్తే అది మొక్కు కాదురా. చెయ్యి జారిన చేప అంతే.” మాట అక్కడే ఆగిపోయింది. చేపే పడనప్పుడు బొట్టు గొడవ ఎందుకని గోపాల్ దాన్ని వాయిదా వేస్తూ వచ్చాడు.

ఇప్పుడు కాయ గొడవ.

“సరేనమ్మా. కొట్టు” అన్నాడు.

ధనమ్మ లేచింది. మడుగు పైభాగాన నీళ్ళలోకి పొడుచుకొచ్చిన బండ దగ్గరికి రజిని చెయ్యి పట్టుకుని నడిచింది. వాగు అక్కడ రాళ్ళ మధ్య నుంచి దూకి, కింద మలుపు తిరిగి, లోతుగా, ఆకుపచ్చగా నిలుస్తుంది. అవతలి ఒడ్డున ఒక విల్లో చెట్టు కొమ్మలన్నీ నీళ్ళ మీదికి వంచుకుని ఉంది. ధనమ్మ కొంగు నడుముకు చెక్కి, కాయ ఎత్తి, బండకేసి కొట్టింది. పగల్లేదు. మళ్ళీ కొట్టింది. చప్పుడు కొండకు తగిలి తిరిగి వచ్చింది. గోపాల్ కళ్ళు మూసుకున్నాడు. ఈ మడుగులో చేపలన్నీ ఈపాటికి పక్క జిల్లాకు పోయి ఉంటాయి అనుకున్నాడు.

మూడో దెబ్బకు కాయ పగిలింది. నీళ్ళు బండ మీద ధారగా కారాయి. ఒక చిన్న పెంకు ముక్క ఎగిరి, మడుగు దాటి, విల్లో కొమ్మల కింద పడింది.

టప్.

అప్పుడు వాగు అడుగు కదిలింది.

కదిలింది అడుగేనని ముగ్గురూ అనుకున్నారు. వేసవంతా గోపాల్ రాతి నీడ అని అనుకుంటూ వచ్చిన చోటు అది. ఆ నీడ రాతి నుంచి విడిపోయి, ఏ తొందరా లేకుండా, పొగ లేచినట్టు పైకి లేచింది. లేచేకొద్దీ దానికి వీపు వచ్చింది, తోక వచ్చింది, ఒక కన్ను వచ్చింది. పెంకు ముక్క కింద బెత్తెడు దూరంలో ఆగింది. ప్రవాహం ముక్కను లాక్కుపోతుంటే, దానితోపాటే తోకవైపుకు కొంచెం జరిగింది. చూసింది. ఇది తినేది కాదని తేల్చుకున్నట్టు ఒక్కసారి మొప్పలు ఆడించి, వచ్చినంత నెమ్మదిగా దిగి, మళ్ళీ రాతి నీడ అయిపోయింది.

ధనమ్మ చేతిలో కొబ్బరిచిప్ప అలాగే ఉంది.

“పెద్దమనిషి ఉన్నడురా లోపల” అంది చివరికి, గుసగుసగా.

గోపాల్ చేతిలో ఉన్న గాలం వైపు చూసుకున్నాడు. దారపు కొసన నల్లటి పురుగు బొమ్మ. మెత్తటి ఫోమ్ ముక్కను గాలానికి చుట్టి, ఆరు కాళ్ళు కట్టి, నీళ్ళ మీద కనబడడానికి వీపున నారింజ చుక్క పెట్టారు. నడివేసవిలో చెట్ల మీద పురుగులు నీళ్ళలో రాలుతుంటాయని, ట్రౌట్లు ఒడ్డు నీడన వాటికోసం కాచుకుంటాయని దుకాణంలో చెప్పి మరీ ఇచ్చారు. అతను విన్నాడు. వినీ, క్లాసులో మొదటిరోజు నేర్పినట్టు ఆ పురుగును ప్రతిసారీ దూది పింజలా, చప్పుడు కాకుండా, మడుగు నడిమధ్యన దించుతూ వచ్చాడు. అలా దించడం వచ్చినందుకు మురిసిపోయాడు కూడా.

పురుగు దూదిలా రాలుతుందా ఎక్కడైనా?

తుమ్మచెట్టు గుర్తొచ్చింది. నది దగ్గరికి పోనివ్వకపోతే ఎండాకాలం పోయి వానలు పడ్డాక పిల్లవాడు ఇంకెక్కడికి పోతాడు? తుమ్మచెట్ల కిందికి పోయేవాడు. పచ్చగా, బంగారంలా మెరిసే జీరంగి పురుగుల కోసం. కొమ్మ పట్టుకుని ఒక్క ఊపు ఊపితే అవి కాళ్ళు ముడుచుకుని, చచ్చినట్టు నటిస్తూ, రాళ్ళలా రాలేవి. ఎండుటాకుల మీద టప్, టప్. అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి దాచుకునేవాడు. చెవి దగ్గర పెట్టుకుంటే లోపల గీరిన చప్పుడు. వాటి వాసనకు నాయిన ఎప్పుడూ కొట్టలేదు.

నది నుంచి తనను దూరంగా ఉంచిన రోజుల్లో ఆ తుమ్మచెట్టు కింద తాను నేర్చుకున్నది పురుగు రాలే ఈ చప్పుడొక్కటే అని గోపాల్‌కు అనిపించింది.

“అమ్మా, కూర్చో. మాట్లాడకు.”

“నేనేం మాట్లాడిన? నీ పెండ్లామే మాట్లాడుతున్నది.”

“నేనా? నేను ఊపిరి కూడా పీల్చట్లేదు” అంది రజిని.

మొదటిసారి విసిరింది పొట్టిగా పడింది. దారం వెనక్కి లాక్కుని, నీళ్ళు విదిలించి, మళ్ళీ విసిరాడు. ఈసారి ఎక్కువైంది. పురుగు నీళ్ళలో పడకుండా విల్లో కొమ్మ చివర ఒక ఆకు మీద వాలింది. పోయింది అనుకున్నాడు. లాగితే కొమ్మకు చిక్కుకుంటుంది. కొమ్మ ఊగితే నీడలోని పెద్దమనిషి ఇక ఈ పూట లేవడు. వెనక ధనమ్మ గాజులు చిన్నగా మోగి ఆగాయి.

గోపాల్ దారాన్ని వేలి మీద వేసుకుని, అగ్గిపెట్టె తెరిచినంత మెల్లగా, కాస్త లాగాడు. ఆకు వంగింది. పురుగు ఆకు అంచు దాకా జారింది. ఒక క్షణం వేలాడింది.

టప్.

నీడ విడిపోయింది.

ఈసారి అది చూడ్డానికి రాలేదు. అయినా తొందర లేదు. పైనున్నదంతా తనదే అన్నట్టు లేచింది. ఎండ విల్లో ఆకుల సందుల్లోంచి దాని వీపు మీద చుక్కలు చుక్కలుగా పడుతుంటే, ఆ ఎండ చుక్కల మధ్య దాని ఒంటి నల్లచుక్కలు కలిసిపోయి, నీళ్ళే ఒక ఆకారం తెచ్చుకుని పైకి వస్తున్నట్టుంది. కొండల మీది మంచు కరిగి, రాళ్ళు దాటి, ఇంత దూరం పారి వచ్చిన నీళ్ళు. ఎప్పటి నుంచి పారుతున్నాయో ఎవరికి తెలుసు? తాము రాకముందూ, ఈ రోడ్డు వేయకముందూ ఇలాంటి చేప ఇలాగే లేచి ఉంటుంది, ఎవరూ చూడకపోయినా. గోపాల్ చేతిలో కర్ర ఉన్న సంగతే మరిచిపోయాడు. చేప నోరు తెరిచింది. లోపల తెల్లగా కనబడింది. నారింజ చుక్క అందులోకి పోయింది. నోరు మూసుకుంది. నీళ్ళ మీద ఒక చిన్న సుడి మిగిలింది. చేప తల కిందికి వంచి ఇంటిదారి పట్టింది.

“లాగురా!” ధనమ్మ అరిచింది. “ఓరి మొద్దూ, లాగు!”

కర్ర ఎత్తాడు. ఎత్తేసరికి అవతల బరువు తగిలింది. ఆ మైమరుపే మేలు చేసిందని అతనికి తర్వాత తెలిసింది. ఒక క్షణం ముందు లాగి ఉంటే పురుగు చేప నోట్లోంచి ఊడి వచ్చేసేది.

కర్ర విల్లులా వంగింది. రీలు గిర్రున తిరిగి కీచుమంది. చేప మడుగంతా దున్నింది. కిందికి పోయి ఒక రాతి దగ్గర బిగుసుకుని కూర్చుంది. మళ్ళీ ప్రవాహంలోకి దూకింది. దాని ప్రతి ఊపూ దారం మీదుగా, కర్ర మీదుగా గోపాల్ మణికట్టులోకి, అక్కడి నుంచి భుజంలోకి ఎక్కింది. కీబోర్డు తప్ప ఏమీ ఎరగని చెయ్యి అది. ఇదా, అనుకున్నాడు. నాయిన రోజూ పుట్టిలో పోయి పట్టుకున్నది ఇదా? ఇంత బాగుండేదాన్నా ఆయన నా చేతికి అందకుండా దాచింది? ఇంత బాగుంటుంది గనకే దాచాడేమో. ఒకసారి తగిలితే పుస్తకం పట్టబుద్ధి కాదని.

“వదులు, వదులు, పోనియ్యి... ఇగ చుట్టు!” ధనమ్మ కుర్చీలో లేదు. షూస్‌తోనే నీళ్ళలోకి దిగి వచ్చేస్తోంది. రజిని ఆమె నడుము పట్టుకుని వెనకే నడుస్తోంది. “అత్తయ్యా, రాళ్ళు జారతాయి! అయ్యో, ఆ షూస్ కొత్తవి!”

చేప అలిసింది. గోపాల్ చేతులు నీళ్ళలో ముంచి తడుపుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, దాన్ని ఒడ్డు పక్కన నిలకడ నీళ్ళలోకి మెల్లగా నడిపించాడు. ఒక అరచెయ్యి దాని కడుపు కింద పెట్టాడు. మూరెడుంది. చల్లగా ఉంది. మెత్తగా, బిగువుగా, ప్రాణంతో కొట్టుకుంటోంది. గాలానికి ఎదురుముల్లు లేదు కాబట్టి పురుగు చిటికెలో ఊడి వచ్చింది.

ధనమ్మ పక్కకు వచ్చి వంగింది. ఒక చేతిలో పసుపు పొట్లం, ఇంకో చేతిలో కుంకుమ పొట్లం. పళ్ళతో కుంకుమ పొట్లం అంచు చింపింది.

“అమ్మా” అన్నాడు గోపాల్. బతిమాలుకున్నట్టు వచ్చింది గొంతు. వద్దనడానికి నోరు రాలేదు. పెట్టమనడానికీ రాలేదు. ఆమె జీవితమంతా ఎదురుచూసింది ఈ నిమిషం కోసం. అతని చేతిలో ఉన్నదానికి ప్రాణం ఉంది.

ఆమె వేలు కుంకుమలో అద్దుకుంది. ఇంకా కిందికి వంగింది. అక్కడ ఆగిపోయింది.

చేప పక్కలు పసుపుపచ్చగా ఉన్నాయి. మామూలు పచ్చ కాదు. పెళ్ళికి ముందు నలుగు పెట్టి స్నానం చేయించిన ఒంటి రంగు. తోక వైపు నల్లపూసలు గుచ్చినట్టు చుక్కలు. గోపాల్ దాన్ని ప్రవాహానికి ఎదురుగా మెల్లగా తిప్పాడు. చేప ఊపిరి కోసం నోరు తెరిచి గొంతు చాపింది. దవడ కింద, రెండు వైపులా, వేలితో తీర్చి దిద్దినట్టు రెండు ఎర్రటి గీతలు. ఈ జాతి చేపను ఇక్కడివాళ్ళు కోసిన గొంతు పేరుతో పిలుస్తారు. క్లాసు పుస్తకంలో బొమ్మ చూసినప్పుడు గోపాల్‌కూ అది గాయంలాగే కనిపించింది. ఇప్పుడు వాళ్ళమ్మ వేలి కొసన ఉన్న ఎరుపును, చేప గొంతు మీద ఉన్న ఎరుపును పక్కపక్కన చూశాడు. అదీ ఇదీ ఒకటే రంగు.

ధనమ్మ వేలు నీళ్ళ మీద అలాగే నిలిచి ఉంది.

“పెట్టుకునే వచ్చిందిరా” అంది. “బొట్టు పెట్టుకునే వచ్చింది. ఇగ నేను పెట్టేదేముంది?”

రజిని అత్త భుజం మీదుగా వంగింది. ఆమె కళ్ళు కూడా చేప మీదే ఉన్నాయి.

ధనమ్మ పొట్లాలు రెండూ మడిచి నడుముకు చెక్కుకుంది. వేలి మీది కుంకుమను తన నుదుటికే రాసుకోబోయి, ఆగి, కొడుకు నుదుట పెట్టింది. తర్వాత రెండు చేతులూ జోడించి నీళ్ళలో మణికట్ల దాకా ముంచింది.

“తల్లీ, ఈడు నీ దగ్గరికొచ్చిండు. జర ఆలస్యమైంది. నువ్వేమనుకోకు” అంది, ఇంటికి వచ్చిన పెద్దావిడతో మాట్లాడినట్టు. “ఇడువురా.”

గోపాల్ వదల్లేదు. వదలాల్సింది తను కాదు. చెయ్యి తెరిచే ఉంది. చేప ఆ చేతిలో కాసేపు నిలబడింది. మొప్పలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఒక కన్ను అతని వైపు ఉంది గానీ అది అతన్ని చూడడం లేదు. దాని చూపు అతన్ని దాటి ఎక్కడికో పోతోంది. తోక ఒక్కసారి కదిలింది. అరచెయ్యి ఖాళీ అయింది. ఆకుపచ్చ నీళ్ళలో పసుపు మెరుపు ఒకటి దిగి దిగి, విల్లో కింద రాతి నీడగా మారింది.

చాలాసేపు ఎవరూ నీళ్ళలోంచి బయటికి రాలేదు. వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు. అది పొద్దుటి నుంచీ ఉన్నదే. ముగ్గురూ ఇప్పుడే విన్నట్టు విన్నారు.

ఒడ్డెక్కాక ధనమ్మ తడిసిన షూస్‌తో కుర్చీలో కూర్చుంది. “ఇటియ్యి” అంది. గోపాల్ ఏమిటో తెలియక చెయ్యి చాపాడు. ఆమె రెండు అరచేతులూ పట్టుకుని ముఖం దగ్గరికి తీసుకుని వాసన చూసింది. కళ్ళు మూసుకుంది.

“చేప వాసన” అంది.

“నాయిన ఉంటే కొట్టేవాడు.”

“కొడుతుండె” అంది ధనమ్మ. ఆ చేతుల్ని వెంటనే వదల్లేదు. “కొట్టి, మల్లొకసారి వాసన చూస్తుండె.”

రజిని పారిపోయిన పెంకు ముక్కను వాగు దిగువన రాళ్ళ మధ్య పట్టుకుని తెచ్చి సంచిలో వేసింది. పేపర్ ప్లేట్లలో పులిహోర పెట్టి, ఇంత కొబ్బరి ముక్క పక్కన వేసి, వెట్ వైప్స్ ప్యాకెట్ గోపాల్ ముందు పెట్టింది. “చేతులు తుడుచుకో. తిందాం.”

గోపాల్ చేతులు వెనక్కి లాక్కున్నాడు.

“స్పూన్ ఉంటే ఇవ్వు” అన్నాడు.